'పెయిడ్' రబ్బరు స్టాంపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'పెయిడ్' స్టాంపు గారికి, చిక్కడపల్లిలో లోగోలు గీసుకుని బతికే ఒక చిత్రకారుడు నమస్కరించి వ్రాయునది.

నా బిల్లు మూలన, ఊదారంగు సిరాలో కాస్త పక్కకు ఒరిగి, చివరి అక్షరం అంటీ అంటనట్టుగా తమరు వెలసిన నాటి నుంచి, మా మిఠాయి దుకాణం యజమానిగారు నేను గీసిన నెమలికి సర్వహక్కులూ తమ ద్వారా సంక్రమించాయని నమ్ముతున్నారు. మిఠాయి డబ్బాల మీద వేసుకోవడానికే గీశాను కనుక దానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ నెమలి పింఛం కత్తిరించి, నెత్తిన ఎర్రటి జుట్టు తగిలించి, కూకట్‌పల్లిలో బావమరిది తెరిచిన చికెన్ సెంటరుకు కోడిపుంజుగా పంపించారు. ఇదేమిటండీ అంటే తమరినే చూపించి, "డబ్బులిచ్చేశాం కదా, ఇంకా మీకేం సంబంధం?" అన్నారు.

మణికొండలో వంద గజాల జాగా కొన్నవారు రసీదు చూసి ఊరుకోరు, సబ్ రిజిస్ట్రారు ముందు సంతకాలయ్యేదాకా నిద్రపోరు. బొమ్మ దగ్గరికొచ్చేసరికి తమరొక్కరే చాలు! 1957 నాటి కాపీరైటు చట్టానికి మాత్రం తమ మహిమ తెలిసినట్టు లేదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకమైన పత్రం, దాని మీద ఇచ్చేవాడి సంతకం ఉండాలంటుంది. గడువు రాయకపోతే 5 సంవత్సరాలేననీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ తేలుస్తుంది. తమరిలో ఉన్నదల్లా ఒక తేదీ.

తమరికి బొత్తిగా విలువ లేదనను. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న పెయింటింగు, తీయించుకున్న సినిమా, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవారివే; అందుకే నా పెళ్ళి ఫొటోగ్రాఫరు మిత్రుడు తమరిని చూడగానే లేచి నిలబడతాడు. జీతానికి చేసే ఉద్యోగి పనిదీ దాదాపు అదే దారి. లోగో ఆ జాబితాలో లేదు.

హక్కులన్నీ రాసిచ్చేసినా, తన పేరు చెప్పుకునే హక్కూ, పరువు పోయేలా పనిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కూ 57వ సెక్షన్ కింద కళాకారుడికే మిగులుతాయి. సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వమే చేయించుకున్న అమర్‌నాథ్ సెహగల్ గారి కుడ్యశిల్పాన్ని విజ్ఞాన్ భవన్ గోడ నుంచి 1979లో ఊడబెరికితే, ఆ శిల్పాన్ని ఆయనకే తిరిగిచ్చి 5 లక్షల పరిహారం కూడా చెల్లించమని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చింది. ఆ బిల్లు మీద తమ పూర్వీకులెవరో కూర్చునే ఉంటారు, పాపం!

కోడిపుంజు విషయమై లాయరు నోటీసు వెళుతోంది. ఆయన ఫీజు రసీదు మీదికి మాత్రం తమరు తప్పక విచ్చేయగలరు.

ఇట్లు,
నెమలి తాలూకు మనిషి