తాల్ముద్ కోరికను పాపమన్నదా?

“కోరికను పాపంగా చూసిన రబ్బీలు, భార్యను భర్త సొత్తుగా లెక్కగట్టిన చట్టం, తమ పవిత్రతను చాటుకోవడానికి అల్లుకున్న కథలు.” యూదు మతపండితులైన రబ్బీల చర్చలను కూర్చిన ప్రాచీన గ్రంథం తాల్ముద్ గురించి ఈ మూడు మాటలు సామాజిక మాధ్యమాల్లో విరివిగా తిరుగుతున్నాయి. ఆ పుటలతో ఏళ్లుగా గడుపుతున్నదాన్ని కనుక ఊరుకోబుద్ధి కాలేదు.

మొదటిది కోరిక. యోమా భాగంలో జనం ప్రార్థించి కామప్రేరణను పట్టి బంధిస్తారు. మూడు రోజులకల్లా ఇజ్రాయెల్ దేశమంతా వెతికినా అప్పుడే పెట్టిన కోడిగుడ్డు ఒక్కటీ దొరకదు; కోరిక లేక సంతానమే ఆగిపోయింది. చివరికి ఆ ప్రేరణను గుడ్డిదాన్ని చేసి వదిలేస్తారు, చంపరు. బెరఖోత్ భాగంలో రవ్ (పండితుల బిరుదు) కహానా తన గురువు మంచం కిందే దాక్కుంటాడు. పైన గురువు భార్యతో కబుర్లాడుతూ, నవ్వుతూ సరసంలో ఉన్నాడు. శిష్యుడు ఉండబట్టలేక నోరు విప్పాడు. “కహానా, ఇక్కడున్నావా? బయటికి పో, ఇది మర్యాద కాదు” అని గురువు గద్దిస్తే, “ఇదీ తోరాయే (దైవబోధే), నేను నేర్చుకోవాలి” అన్నాడు. ఆ జవాబును ఎవరూ కొట్టివేయలేదు. పాపమనుకున్నదాన్ని తోరా అంటారా?

ఇక భార్య సంగతి. ఇందులో కొంత నిజముంది, దాచను. విడాకుల పత్రం ఇచ్చేది భర్తే. భార్య కాపురానికి నిరాకరిస్తే ఆమెకు రావలసిన వివాహ ఒప్పంద ధనంలో వారానికి 7 దీనార్లు తగ్గిస్తారు; భర్త నిరాకరిస్తే కలిపేది 3 మాత్రమే. కానీ సొత్తుకు హక్కులుండవు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన, తాల్ముద్‌కు పునాది అయిన ధర్మసూత్రాల సంకలనం మిష్నా దాంపత్య సుఖాన్ని భర్త తీర్చవలసిన బాధ్యతగా, అతని వృత్తిని బట్టి నిర్ణయించింది: కూలివాడు వారానికి రెండుసార్లు, గాడిదలు తోలేవాడు ఒకసారి, ఒంటెలు తోలేవాడు 30 రోజులకు, నావికుడు ఆరు నెలలకు. భార్యను బలవంతం చేయరాదని ఏరువీన్ భాగం సూటిగా చెబుతుంది.

ఆ నియమంపై చర్చలోనే రవ్ రెహూమి కథ వస్తుంది. బాబిలోనియాలోని మహోజాలో రవా అనే గురువు దగ్గర చదువుకుంటూ, ఏటా యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పుర్ ముందురోజు మాత్రం ఇంటికి వచ్చేవాడు. ఒక ఏడు చదువులో మునిగి రాలేదు. “ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు” అని భార్య ఎదురుచూసింది. ఆమె కంట ఒక కన్నీటి చుక్క రాలింది. పైకప్పు మీద కూర్చున్న అతని కింద ఆ కప్పు కూలింది, చనిపోయాడు. చదువును మించినది లేదనే పండితులే, చదువుకుంటున్నవాణ్ణి దోషిగా నిలబెట్టి, పేరైనా తెలియని ఇల్లాలి పక్షాన నిలిచారు. ఈ పుట దగ్గర నేను ఆగిపోతాను.

పవిత్రతను చాటుకునే కథలన్న మాటకు కిద్దుషీన్‌లోని రవ్ అమ్రామ్ చాలు. భక్తుడని పేరున్నవాడు. చెర నుంచి విడిపించి తెచ్చిన స్త్రీలను ఆయన ఇంటి పైఅంతస్తులో ఉంచి నిచ్చెన తీసేశారు. ఒకామె అటుగా నడుస్తుండగా పైద్వారంలోంచి వెలుగు పడగానే, పదిమంది ఎత్తలేని ఆ నిచ్చెనను ఒక్కడే ఎత్తి ఎక్కసాగాడు. సగంలో కాళ్లు బిగించి “అమ్రామ్ ఇంటికి నిప్పంటుకుంది!” అని కేక పెట్టాడు. పండితులు పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి సిగ్గుపడ్డారు. అమ్రామ్ వల్ల పరలోకంలో సిగ్గుపడటం కంటే ఈ లోకంలో సిగ్గుపడటమే మీకు మేలని ఆయన జవాబిచ్చాడు.