చివర్న ఎల్ఎమ్

లలిత: నాలుగు రోజుల్నుంచీ కంప్యూటరు ముందు పాతుకుపోయారు. సి ప్రోగ్రామింగ్ భాష ఎంతవరకు వచ్చిందేమిటి?

రమణ: సరంజామా సమకూర్చుకుంటున్నానే. నలభై వీడియోలు, పదిహేడు పీడీఎఫ్‌లు!

లలిత: రాసిన ప్రోగ్రాములు?

రమణ: తొందరెందుకు!

లలిత: మీ కంప్యూటర్లో ఉన్నది ఉబుంటు లినక్సేగా? టెర్మినల్, అదే కమాండ్లు కొట్టే విండో, తెరిచి, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ మ్యాన్‌పేజెస్-డెవ్’ కొట్టండి. మొదటిదాంతో మీ కోడ్‌ని మెషీను భాషలోకి మార్చే జీసీసీ కంపైలరు, కంపైల్ పనులు నడిపే మేక్, ఫంక్షన్ల ప్రకటనలుండే హెడర్ ఫైళ్లు వస్తాయి. రెండోది సి ఫంక్షన్ల మాన్యువల్.

రమణ: మాన్యువల్ మాట ఎత్తకు. తెర మీద రాసే ఫంక్షన్ గురించి ‘మ్యాన్ ప్రింట్ఎఫ్’ అని అడిగితే ఏదో షెల్ కమాండ్, అదే టెర్మినల్లో కొట్టే కమాండ్, సంగతి చెబుతోంది.

లలిత: మధ్యలో 3 వేసి ‘మ్యాన్ 3 ప్రింట్ఎఫ్’ అనండి. ఒకటో సెక్షన్ కమాండ్లది, మూడోది లైబ్రరీ ఫంక్షన్లది. పుస్తకం ఒక్కటి చాలు: కెర్నిగన్, రిచీలది, 1988 నాటి రెండో కూర్పు. అభ్యాసాలు వదలకుండా చేయండి. 1978 నాటి దాని జోలికెళ్లకండి, ఫంక్షన్లు రాసే తీరు పాతది.

రమణ: ఇదిగో, రాశా. ‘టెస్ట్’ అని పేరు పెట్టా. రన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. నీలాగే అలిగింది.

లలిత: నేనలిగితే ఇల్లంతా వినిపిస్తుంది లెండి. టెస్ట్ అనేది షెల్లో ముందే ఉన్న కమాండ్. మీ పిలుపుకి అది పలికింది, మీ ప్రోగ్రాము కాదు. ముందు చుక్క, స్లాష్ పెట్టి పిలవండి.

రమణ: పలికింది! అంకె అడిగింది, ఇచ్చా... సెగ్మెంటేషన్ ఫాల్ట్! మెషీను పోయిందే!

లలిత: మెషీనుకేం, రాయిలా ఉంది. అంకె చదివే స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు యాంపర్‌సాండ్ (&) ఏదీ? దానికి చిరునామా కావాలి. మీరు విలువ ఇచ్చారు. దాన్నే చిరునామా అనుకుని, తనది కాని చోట రాయబోయింది. హెచ్చరికలు చూపించే హైఫన్, డబ్ల్యూ, ఆల్ (-Wall) పెట్టి కంపైల్ చేయమన్నానా, హెచ్చరిక రాలేదూ?

రమణ: వచ్చింది. ఎర్రరు కాదుగా అని వదిలేశా.

లలిత: నా మాటకీ ఇంట్లో అదే గతి.

రమణ: సరే, సరిచేశా. ఇప్పుడు వర్గమూలం కట్టమంటే ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటోంది. మ్యాథ్ హెడరు పెట్టానే!

లలిత: హెడరు కంపైలరుకి. ముక్కలన్నీ కలిపే లింకరుకి ఆ ఫంక్షన్ల కోడున్న లైబ్రరీ కావాలి. మ్యాథ్ లైబ్రరీ కోసం జీసీసీ లైనులో హైఫన్ ఎల్ఎమ్ (-lm) పెట్టండి. ముందు కాదండీ, చివర్న!

రమణ: ఎక్కడుంటే ఏమిటే?

లలిత: లింకరు ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోతుంది. అవసరం తెలియకముందే లైబ్రరీ చేతికిస్తే పట్టించుకోదు.

రమణ: అచ్చం నాలాగే!

లలిత: మీరు అవసరం తెలిశాక కూడా పట్టించుకోరు.