చూస్తూ నవ్వే పదిమంది సంగతేమిటి?

జూన్ వచ్చిందంటే కర్నూలు, అనంతపురం, కడప బస్టాండ్లలో ఇనుప పెట్టె, పరుపు చుట్ట, బకెట్టు పట్టుకుని ఇంటర్మీడియట్ హాస్టళ్లకు బయలుదేరే పిల్లలు కనిపిస్తారు. మార్కుల గురించి వారికి అందరూ జాగ్రత్తలు చెబుతారు గానీ, స్టడీ అవర్ ముగిశాక గదిలో తోటి పిల్లల నుంచి ఎదురయ్యే వేధింపు గురించి ఎవరూ చెప్పరు. కులమో, ఒంటి రంగో, నత్తో, ఇంగ్లీషు రాకపోవడమో పట్టుకుని పేరు పెట్టడంతో అది మొదలవుతుంది. తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న చెనిక్కాయల ఉండలు లాక్కుంటారు, బట్టలు ఉతికిస్తారు, చివరికి చెయ్యి చేసుకుంటారు.

మగపిల్లలన్నాక ఇవన్నీ మామూలేనని కొట్టిపారేయడం పెద్దల మొదటి తప్పు. 1983లో నార్వేలో వేధింపుల నివారణకు దేశవ్యాప్త కార్యక్రమాన్ని రూపొందించిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ దీన్ని గుర్తుపట్టడానికి మూడు లక్షణాలు చెప్పారు: కావాలని చేయడం, పదేపదే చేయడం, ఎదుటివాడు తిరగబడలేని స్థితిలో ఉండడం. సమవుజ్జీలైన ఇద్దరు కొట్టుకుని సాయంత్రానికి కలిసిపోతే అది తగాదా. ఒకడే రోజూ తలవంచుకుంటుంటే అది వేధింపు. అలాంటివాడితో "నువ్వూ తిరిగి కొట్టిరా" అనే తండ్రి మన సీమలో ఇప్పటికీ ఉన్నాడు. పౌరుషం పేరుతో బిడ్డను ఒంటరిని చేస్తున్నానని ఆయనకు తోచదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది చుట్టూ ఉన్నవారి పాత్ర. ఫిన్లాండ్ పరిశోధకురాలు క్రిస్టీనా సాల్మివల్లి, ఆమె సహచరులు 1996లో ప్రచురించిన అధ్యయనం వంతపాడేవారిని, నవ్వి ఉసిగొలిపేవారిని, చూడనట్టు తప్పుకునేవారిని, అడ్డుపడేవారిని వేరువేరుగా గుర్తించింది. ఆ అవగాహనతోనే తుర్కు విశ్వవిద్యాలయంలో రూపొందిన 'కివా' కార్యక్రమంలో వేధించినవాడితో పెద్దలు విడిగా మాట్లాడడమే కాక, బాధితుడికి తోడు నిలవమని కొందరు తోటి విద్యార్థులను ప్రత్యేకంగా కోరతారు. మన దగ్గర వార్డెన్ అడిగే మొదటి మాట "ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు ఏడిపిస్తారు?" ఆపైన గది మార్చేది కూడా బాధితుడికే, వేడుక చూసినవారిని పిలిచి అడిగే పనే ఉండదు.

కొట్టే పిల్లవాడినీ వదిలేయకూడదు. అతడు ఇంట్లోనో తరగతిలోనో దెబ్బలు తింటున్నాడేమో కనుక్కోకుండా అందరి ముందూ బెత్తంతో బాదితే, బలమున్నవాడిదే పైచేయి అన్న పాఠాన్ని మనమే రూఢి చేసినట్లవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. అదే ఏడాది యూజీసీ తెచ్చిన ర్యాగింగ్ నిబంధనలు ఉన్నత విద్యాసంస్థలకు ఉద్దేశించినవి. ఇంటర్ హాస్టళ్లకు అంతటి కచ్చితమైన ఏర్పాటు కావాలి.

పిల్లల సహాయానికి 1098 నంబరు ఇరవై నాలుగు గంటలూ ఉంది. అయితే చాలా హాస్టళ్లలో పిల్లలకు అందే ఫోన్ వార్డెన్ గది దగ్గరే ఉంటుంది, వెనుక వరుసలో ఏడిపించేవాడే నిలబడి ఉంటాడు. పశ్చిమ కర్నూలు పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయిన తల్లి వారానికొకసారి పలకరిస్తే, ఆ పిల్లవాడు "బాగుండా మా" అని పెట్టేస్తాడు. ముందుగా ఆ ఫోన్‌ను, తలుపు వేసుకుని మాట్లాడుకోగల గదిలోకి మార్చాలి.