మహారాజశ్రీ హెవీ డ్యూటీ లిఫ్ట్ స్ప్రింగుల వారి సముఖానికి

మీ బండి యజమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నా నడుము తప్ప అందరం క్షేమం. నాలుగు చక్రాల దగ్గరా మీరు నలుగురూ నిటారుగా, ఎవరికీ తల వంచకుండా నిలబడి ఉన్నారు కాబట్టి మీ క్షేమం వేరే అడగక్కర్లేదు.

మిమ్మల్ని ఏరికోరి తెచ్చుకున్న వైనం గుర్తుందా? అట్టపెట్టె మీద స్పష్టంగానే రాసి ఉంది: ముందువి స్టీలు బంపరూ, వించూ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) బిగించిన బండికి, వెనకవి ఎప్పుడూ 300 కిలోల అదనపు బరువు మోసే బండికి అని. నా బండికి స్టీలు బంపరు లేదు. వించ్ లేదు. వెనక ఎప్పుడూ ఉండేవి ఒక గొడుగు, గాలి కొట్టే పంపు. అయినా ఏదో ఒక రోజు కొంటాం కదా అనుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! పైగా 'లైట్' అని రాసున్న పెట్టె మోసుకుంటూ షాపులోంచి బయటికి రావడానికి మొహం చెల్లలేదు. మీ ఎరుపు రంగు కూడా బాగా నచ్చింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మీరు బండిని 5 సెంటీమీటర్లు పైకి లేపుతామన్నారు. వెనక దాదాపు 9 లేపారు. ఆ పై నాలుగూ మీ ఔదార్యమనుకుని మొదటిరోజు మురిసిపోయాను, ఫొటోలు కూడా తీసుకున్నాను. తర్వాత కాగితం తీసి లెక్క వేశాను. వెనక మీలో ఒక్కొక్కరూ సెంటీమీటరు కుంగాలంటే నెత్తిన 40 కిలోలు పడాలి. మీరు ఎదురుచూసిన 300 కిలోలు రానే లేదు, అంటే ఒక్కొక్కరికి 150 లోటు. 150ని 40తో భాగిస్తే మూడు ముప్పావు. రాని చుట్టం కోసం మీరు పట్టి ఉంచిన చోటు అది. దాని మీద నేను ఊరేగుతున్నాను.

ఇక ఊరేగింపు సంగతి. బండి బరువుకు స్ప్రింగు 25 సెంటీమీటర్లు కుంగి నిలిస్తే బండి సెకనుకు ఒకసారి చొప్పున మెల్లగా ఊగుతుంది. 10 సెంటీమీటర్లే కుంగితే ఆ లెక్క ఒకటిన్నర దాటుతుంది. ఖాళీ బండి కింద మీరు దయతలచి కుంగింది ఆ పదే. అది ఊగడం కాదు, ఉలిక్కిపడటం. మీ పక్కన పాత షాక్ అబ్జార్బర్లనే ఉంచాను, అదింకో పొరపాటు. మెత్తటి పాత స్ప్రింగులను అదుపు చేయడానికి పుట్టిన పెద్దవాళ్ళు వాళ్ళు. మీరు తన్నే తన్నుకు ఆగలేక, ఒక్క గతుకుకు బండిని మూడుసార్లు గెంతనిస్తున్నారు.

గతుకు కంటే గుంత ఘోరం. చక్రం గుంతలోకి దిగాలంటే మీకు ఇంకా సాగే చోటుండాలి, షాక్‌కి ఇంకా పొడవుండాలి. మీరు ముందే ఒళ్ళు విరుచుకుని నిలబడ్డారు. మొన్న అడ్డంగా ఒక కాలవ దాటుతుంటే వెనక చక్రం నేలను వదిలేసి గాల్లో గిరగిరా తిరిగింది. పాత స్ప్రింగులతో అదే కాలవ ఏ గొడవా లేకుండా దాటినవాణ్ణి నేను.

చివరికి తెగించి ఆరు ఇసుక బస్తాలు, ఒక్కోటి 50 కిలోలు, వెనక వేశాను. ఏం చెప్పమంటారు, బండి హంసలా సాగింది! బరువు మోస్తారని మిమ్మల్ని కొన్నవాణ్ణి, మీకోసం బరువు మోస్తున్నాను.

మా బావమరిదిది నాకు తిరగేసిన కథ. వాడిదీ ఇదే మోడలు. స్టీలు బంపరు, వించ్, వెనక సొరుగులు, రెండో బ్యాటరీ, నీళ్ళ ట్యాంకు అన్నీ బిగించి, 'సుఖంగా ఉండాలి బావా' అంటూ అన్నిటికంటే మెత్తటి స్ప్రింగులు వేయించాడు. బంపరూ వించూ కలిపి 100 కిలోలే కదా అన్నాడు. ఆ బరువు ముందు యాక్సిల్‌కి 80 సెంటీమీటర్లు ముందు వేలాడుతోంది, రెండు యాక్సిళ్ళ మధ్య దూరం 280. అంటే ముందు యాక్సిల్ మీద పడేది దాదాపు 129 కిలోలు. ఆ పై 29 వెనక నుంచి లాక్కున్నవి, ఉయ్యాలబల్ల న్యాయం. వాడు బ్రేకు వేసినప్పుడల్లా బండి సాష్టాంగపడుతుంది, గుంత పడితే, స్ప్రింగు పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ కాచే రబ్బరు దిమ్మలు, అంటే బంప్ స్టాపులు, ఠక్కుమంటాయి.

మీ స్వభావం 1678లోనే ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ బయటపెట్టాడు: ఎంత బరువో అంత సాగుడు. అంతకు రెండేళ్ళ ముందు ఆయన ఆ వాక్యం అక్షరాలను కలగాపులగం చేసి అచ్చువేసి దాచుకున్నాడట. దాచక్కర్లేదు పాపం, విప్పి చెప్పినా మా బావమరిదీ నేనూ వినే రకం కాదు. మీ తీగ మందం 14 నుంచి 15 మిల్లీమీటర్లయితే, మిగతావన్నీ అంతే ఉన్నా, బిగువు 32 శాతం పెరుగుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు కంటికి ఆనదు. ఎరుపు ఆనుతుంది.

కొనకముందు చేయాల్సిన పని కొన్నాక చేశాను: బండ్లను తూచే వేబ్రిడ్జి ఎక్కాను. బస్తాలు దించి, ముందు యాక్సిల్ ఒకసారి, వెనకది ఒకసారి. అందులో చక్రాలు, యాక్సిల్, బ్రేకుల బరువు తీసేశాను, అవి మీ కిందుండేవి, మీ నెత్తిన ఉండేవి కావు. మిగిలింది నిజంగా మీరు రోజూ మోసేది. ఏడాదికోసారి వెళ్ళే ప్రయాణపు సామాను, సాయంత్రానికి ఖాళీ అయ్యే 60 లీటర్ల నీళ్ళు ఈ లెక్కలోకి రావు. వచ్చిపోయే బరువుకి స్ప్రింగు చుట్ట లోపల గాలి తిత్తి పెట్టి, అవసరమైనప్పుడు గాలి కొట్టుకుంటే చాలట. పంపు ఎలాగూ ఉంది. ఇంకో మాట: మీరెంత బలిసినా తయారీదారు చెప్పిన మొత్తం బరువు హద్దు దానంతటది పెరగదు. బ్రేకులకు మీ భుజబలంతో పనిలేదు.

కాబట్టి మనవి ఏమిటంటే, వచ్చే ఆదివారం మిమ్మల్ని మా బావమరిది బండి కిందకి అత్తారింటికి పంపినట్టు పంపుతున్నాను. వాడి మెత్తటివి నాకు వస్తాయి. అక్కడ మీకు చేతినిండా పని.

ఇట్లు,
భవదీయుడు,
గొడుగు, పంపు మాత్రమే కలవాడు

తా.క.: కబురు అందింది. ఎరుపు వాడి బండికి నప్పదట. బరువు ఎంతని అడగలేదు గానీ నల్ల పెయింటు డబ్బా కొనుక్కొచ్చాడు.