పెళ్ళాం పిల్లల్ని వదిలేసి పారిపోయి వచ్చారట!

యుద్ధం నుంచి పారిపోయి జర్మనీ చేరిన సిరియా శరణార్థుల మీద ఆ ఫార్వార్డు మా పదో తరగతి గ్రూపులో మళ్ళీ వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో "జర్మనీ చేసిన తప్పు, మనకు గుణపాఠం", కింద పడవ దిగుతున్న సిరియా మగవాళ్ళ ఫోటో, చివర "కనీసం పదిమందికి పంపండి". నలుగురు విడివిడిగా పంపారు. అందులో ఒకాయన కొడుకు జర్మనీలో ట్యూషన్ ఫీజు లేకుండా ఎమ్మెస్ చదువుతున్నాడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

"చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడు శరణార్థి ఎలా అవుతాడు?" బాంబు పడితే ఇల్లు పోతుంది, జేబులో ఫోను పోదు. పదండి ముందుకు.

"గల్ఫ్ షేకులు ఒక్కరినీ తీసుకోలేదు, అందరూ యూరప్ మీద పడ్డారు." ఇందులో మొదటి సగం ఒప్పుకుంటాను. సౌదీ, కువైట్, ఖతార్, ఎమిరేట్స్ ఎవరికీ శరణార్థి హోదా ఇవ్వలేదు. అక్కడికి పోవాలంటే వీసా కావాలి, కఫీల్ (హామీగా నిలిచే యజమాని) కావాలి. ఈ ముక్క తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అంత డబ్బున్న దేశాలకు అది సిగ్గుచేటే. (1951 శరణార్థుల ఒప్పందం మీద అవి సంతకం పెట్టలేదు. మనమూ పెట్టలేదు, ఊరికే గుర్తుచేస్తున్నాను.) రెండో సగం మాత్రం పచ్చి అబద్ధం. తుర్కియే (టర్కీ) ఒక్కటే ఒక దశలో 36 లక్షల మందికి పైగా సిరియన్లకు చోటిచ్చింది. పాత గుంటూరు జిల్లా కన్నా చిన్నదైన లెబనాన్‌లో 10 లక్షలకు పైగా పేర్లు నమోదయ్యాయి. 2015లో జర్మనీకి అన్ని దేశాల నుంచీ కలిపి వచ్చినవాళ్ళు దాదాపు 8.9 లక్షలు.

ఇక నాకు ఒళ్ళు మండిన వాక్యం ఇది: "అందరూ కండలు తిరిగిన కుర్రాళ్ళే. పెళ్ళాం పిల్లల్ని బాంబుల కింద వదిలేసి వచ్చిన పిరికివాళ్ళు."

మగవాళ్ళు ఎక్కువే, దాదాపు మూడింట రెండు వంతులు. ఎందుకో ఒక్క నిమిషం ఆలోచించారా? సిరియాలోని అలెప్పో నుంచి భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు ఎలాగో తుర్కియే చేరారనుకోండి. ఇజ్మీర్ దగ్గర రబ్బరు పడవ ఎక్కించడానికి దళారి మనిషికి వెయ్యి యూరోలు, అటూ ఇటూగా, అడుగుతాడు. గ్రీసు చేరాక మాసిడోనియా, సెర్బియా, హంగరీ, ఆస్ట్రియా, కొంత బస్సు, కొంత రైలు, మిగతాది నడక. ఉన్న డబ్బు ఒక్కరికే సరిపోతుంది. ఎవర్ని పంపుతారు, మూడేళ్ళ పిల్లనా?

పిల్లలతో పడవెక్కితే ఏమవుతుందో 2015 సెప్టెంబరు 2న తుర్కియేలోని బోద్రుమ్ దగ్గర ఒడ్డున బోర్లా పడి ఉన్న రెండేళ్ళ అలాన్ కుర్దీని చూసి లోకమంతా తెలుసుకుంది. తల్లి, అన్న కూడా ఆ రోజే మునిగిపోయారు. అప్పుడు ఇదే గ్రూపులో "పసివాణ్ణి పడవెక్కించిన తండ్రికి బుద్ధుందా" అన్నారు. వెంట తెస్తే బుద్ధి లేనివాడు, వదిలి వస్తే పిరికివాడు. మరి ఏం చెయ్యమంటారు స్వామీ? ఉండి పోరాడాలా? పద్దెనిమిదేళ్ళు నిండితే అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్ సైన్యంలో చేరక తప్పేది కాదు. చేరాక తుపాకీ ఎక్కుపెట్టేది తన ఊరి మీదే కావచ్చు.

జగిత్యాల నుంచి దుబాయ్ పోయినవాణ్ణి పెళ్ళాన్ని వదిలేసి పారిపోయాడని మనం ఎన్నడైనా అన్నామా? వాళ్ళ ఊళ్ళో బాంబులు కూడా పడలేదు.

పైగా వాళ్ళు వదిలేసి రాలేదు, పిలిపించుకుందామని ముందు వచ్చారు. శిబిరంలో నెలలు, ఇంటర్వ్యూ, కాగితాల కోసం పడిగాపులు. పూర్తి శరణార్థి హోదా దొరికినవాళ్ళ సంగతి కొంత నయం. అంతకంటే తక్కువ స్థాయి రక్షణ ఇచ్చినవాళ్ళకు కుటుంబాన్ని రప్పించుకునే వీలును 2016 మార్చిలో జర్మన్ ప్రభుత్వమే ఆపేసింది. 2018 ఆగస్టులో మళ్ళీ తెరిచింది, అదీ నెలకు వెయ్యి మందికి మించకుండా. ఆ రెండేళ్ళూ పిల్లలకు నాన్న కనబడింది మీరు ఏడ్చే ఆ స్మార్ట్‌ఫోన్‌లోనే.

"కూర్చోబెట్టి మేపుతున్నారు, మన పన్నుల సొమ్ము." 'మన' ఏమిటో! 2015లో ఒంటరి మనిషికి అద్దె కాక ఇచ్చింది నెలకు సుమారు 350 యూరోలు. మొదటి మూడు నెలలు పని చేస్తానన్నా అప్పటి చట్టం ఒప్పుకునేది కాదు. తర్వాత 600 గంటల భాషా తరగతులు, పరీక్ష. 2015లో వచ్చి, పని చేసే వయసులో ఉన్నవాళ్ళలో 64 శాతం 2022 నాటికి ఉద్యోగాల్లో ఉన్నారు. మగవాళ్ళలో అయితే 75. ఇక ఫీజు లేని ఎమ్మెస్ మటుకు పన్నుల సొమ్ము కాదు కాబోలు, రైన్ నదిలో కొట్టుకొచ్చింది.

ఆడవాళ్ళ లెక్క 31 శాతం. ఇక్కడ ఫార్వార్డు రాసినవాడికి ఒక మార్కు వేస్తాను. చంటిపిల్లలు, క్రెష్‌లో సీటు దొరకకపోవడం, సిరియా డిగ్రీలకు గుర్తింపు రాకపోవడం, కారణాలు ఎన్నైనా చెప్పొచ్చు. ఏడేళ్ళ తర్వాత కూడా 31 అంటే తక్కువే. 2024 ఆగస్టులో జర్మనీలోని సోలింగెన్‌లో ఒక సిరియన్ కత్తితో ముగ్గుర్ని చంపాడు, దాన్నీ దాచిపెట్టను. దానికి జర్మన్లకు కోపం రావడం న్యాయం. వాడి ఒక్కడి కత్తిని లక్షలమంది చేతుల్లో పెట్టడం న్యాయం కాదు.

చివరిది కొత్తగా చేర్చారు: "అసద్ పోయాడుగా, ఇక వెళ్ళమనండి." అసద్ 2024 డిసెంబరు 8న పారిపోయాడు. కొందరు వెళ్ళారు కూడా. కానీ ఆ ఒక్క ఏడాదే 83 వేల మందికి పైగా సిరియన్లు జర్మన్ పౌరులయ్యారు, వాళ్ళని ఏ దేశానికి పంపుతారు? జర్మన్ ఆసుపత్రుల్లో పరాయి దేశపు డాక్టర్లలో ఎక్కువమంది సిరియన్లే, వేలల్లో ఉన్నారు. వాళ్ళు వెళ్ళిపోతే చిన్న ఊళ్ళలో కష్టమని ఆ డిసెంబరులోనే ఆసుపత్రులవాళ్ళు మొత్తుకున్నారు. స్పెషలిస్టు అపాయింట్‌మెంట్‌కు ఇప్పుడే ఎన్ని నెలలు పడుతోందో ఆ ఎమ్మెస్ కుర్రాణ్ణి అడగండి.