ముందు పసిపిల్లలకే శిక్షణ ఇద్దాం

వైకల్యం ఉన్న పసికందులను, తప్పటడుగుల పిల్లలను అందరితో కలిపి చూసుకోవడం ఎలాగో సంరక్షణ కేంద్రాల సిబ్బందికి నేర్పాలని విజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. నేర్పుతున్నారు కూడా. ఆ నేర్పే పద్ధతి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఉదయం స్వాగతోపన్యాసం, ఆపైన స్లైడ్లు, స్లైడ్ల మీద వైకల్యాల పేర్లు, పేర్ల కింద నిర్వచనాలు. మధ్యాహ్న భోజనం తరువాత వెనక వరుసలో కొందరు కునుకు తీస్తారు, సాయంత్రానికి అందరికీ ధ్రువపత్రాలు అందుతాయి. పసిపిల్లలను మాత్రం పిలవరు. ఏడుస్తారు, మైకు తీగలు లాగుతారు. పిలవకపోవడమే సబబు.

చిక్కంతా మర్నాడు ఉదయం మొదలవుతుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు, కదలికలు అదుపులో లేని స్థితి) ఉన్న ఏడాది బిడ్డను తల్లి తీసుకొస్తుంది. టీచరుకు ఆ మాట నిర్వచనం కంఠతా వచ్చు, బిడ్డను ఎత్తుకోవడం రాదు. చేతులు పట్టి పైకి లాగితే బిగుసుకున్న ఒళ్లు మరింత బిగుసుకుంటుంది. తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర మెల్లగా మడిచి, ఒంటికి ఆనించుకుని ఎత్తితే సడలుతుంది. చెప్పడానికి అరనిమిషం చాలు, చేతికి అలవాటు కావడానికి రోజులు కావాలి. పక్కన తెలిసినవారు నిలబడి, చేసి చూపించి, చేయించి, తప్పు దిద్దితే తప్ప పని తీరు మారదని ఉపాధ్యాయ శిక్షణ మీద జరిగిన పరిశోధనలు ఏనాడో తేల్చాయి. కానీ పక్కన నిలబడే మనిషికి రోజూ జీతం ఇవ్వాలి, స్లైడ్లకు అక్కర్లేదు.

అందుచేత నా ప్రతిపాదన ఏమిటంటే, సిబ్బందిని వదిలేసి పిల్లలకే శిక్షణ ఇద్దాం. వయసు రీత్యా చూసినా ఇదే న్యాయం. మెదడు అతివేగంగా ఎదిగేది తొలి మూడేళ్లలోనే అని శాస్త్రజ్ఞులే అంటున్నారు కదా, ఆ చురుకుదనాన్ని బొమ్మల మీద వృథా చేయడం ఎందుకు?

పాఠ్యప్రణాళిక ముసాయిదా సిద్ధం చేశాను. కండరాలు బిగుసుకునే బిడ్డ డైపరు మార్చే వేళకు తనంతట తానే ఒళ్లు వదులు చేసుకోవాలి. చూపు లేని బిడ్డ, ఎవరూ పలకరించకుండా ఉన్నట్టుండి ఎత్తుకున్నా ఉలిక్కిపడకూడదు. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నారో చెప్పాలనే కోరిక సిబ్బంది సమయాన్ని హరిస్తుంది. మింగడం కష్టమైన బిడ్డ, తల వెనక్కి వాలి ఉండగా చెంచాతో పోసినా పొలమారకుండా మింగడం నేర్చుకోవాలి, ఎందుకంటే తల నిటారుగా ఉండేలా కూర్చోబెట్టడానికి చుట్టిన తువ్వాలు ఒకటి కావాలి, ఆ తువ్వాలు బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాయాలో ఇంకా తేలలేదు. ఆటిజం ఉన్న రెండేళ్ల పాప పాటల సమయంలో అందరితో పాటు చప్పట్లు కొట్టి, కళ్లలోకి చూసి నవ్వాలి. గదిలో చప్పుడు తగ్గిస్తే పాప ఎక్కువసేపు కూర్చుంటుందేమో అని ఎవరైనా అనుమానించవచ్చు. అనుమానాలకు ప్రణాళికలో చోటు లేదు.

మాట ఆలస్యమైన పిల్లల విషయంలో నేను మరీ కఠినం. ‘నీళ్లు కావాలా?’ అని అడిగి, పెదవి కదిపేలోపు గ్లాసు నోటికి అందించడం మన ఆచారం. కొన్ని క్షణాలు ఆగితే ఆ బిడ్డ చూపుతోనో, వేలితోనో, బొమ్మ కార్డు అందుకునో జవాబు చెబుతాడట. కొన్ని క్షణాలు! పాతిక మంది పిల్లలను ఇద్దరికి అప్పగించిన కేంద్రంలో క్షణాలు ఎక్కడివి? అదేమిటని అడగబోయేవారు దయచేసి సిబ్బంది సంఖ్య గురించి ఎత్తవద్దు. అది వేరే శాఖ.

చట్టాల మాట కూడా చూద్దాం. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 23వ అధికరణం, వైకల్యం ఉన్న బిడ్డకు నిండైన జీవితం దక్కాలని, సమాజంలో చురుగ్గా పాలుపంచుకునే వీలుండాలని అంది. 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణం అన్ని స్థాయుల్లోనూ అందరినీ కలుపుకొనే విద్య ఉండాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. ఎన్ని గంటలో చెప్పలేదు. ఆ ఖాళీలోంచే మన ఒక్కరోజు వర్క్‌షాప్ అవతరించింది. ప్రపంచంలో వైకల్యం ఉన్న పిల్లలు దాదాపు 24 కోట్ల మంది, అంటే ప్రతి పది మందిలో ఒకరు ఉంటారని 2021లో యునిసెఫ్ అంచనా వేసింది. పదిమందిలో ఒకరు అంటే ప్రతి గదిలోనూ ఉండాలి కదా అని లెక్కలు వచ్చినవారు అడుగుతారు. ఉంటారు. ‘మా దగ్గర తగిన సౌకర్యాలు లేవండి, బిడ్డ క్షేమం కోరే చెబుతున్నాం’ అన్న మర్యాదపూర్వకమైన వాక్యం దాటి రాగలిగితే.

దాటి వచ్చిన పిల్లలకు గదిలో ఒక మూల ఉంటుంది. మూలలో ఒక కుర్చీ, కుర్చీ పక్కన ఒక ఆయా. హాజరు పట్టీలో పేరు కూడా ఉంటుంది కనుక, చేర్చుకున్నట్టే. మిగతా పిల్లలు ఇసుకలో ఆడుతుండగా ఆ బిడ్డ వారిని చూస్తుంటాడు, తనిఖీకి వచ్చిన అధికారి ఆ బిడ్డను చూస్తాడు.

వినికిడి సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స, సహాయం మొదలవ్వాలని వైద్యులు గడువులు పెట్టారు. అంత తొందరపడి వినికిడి యంత్రం పెట్టించుకొచ్చిన బిడ్డ కేంద్రానికి వస్తే, అందులో బ్యాటరీ పనిచేస్తోందో లేదో రోజూ ఉదయం చూడటం ఎవరి పని అన్నది ఎవరికీ తెలియదు. ఆ బ్యాటరీ పిల్లల నోట్లోకి పోకుండా చూడటం ఎవరి పని అన్నదీ అంతే. నా ప్రణాళిక ప్రకారం ఇది కూడా బిడ్డే చూసుకుంటాడు.

ప్రతిపాదన అమలులో ఒకే ఒక్క ఆటంకం కనిపిస్తోంది. పసివాళ్లకు పాఠం చెప్పాలంటే నేల మీద కూర్చుని, వాళ్ల ముఖం చదివి, ఓపికగా ఎదురుచూడగలిగే మనుషులు కావాలి. అలాంటివారిని ఎక్కడ తయారు చేయాలో తేల్చడానికి ఒక ఉపసంఘం వేయమని సిఫారసు చేస్తున్నాను. వైకల్యం ఉన్న పిల్లలను పెంచుతున్న తల్లులను అందులోకి తీసుకోకూడదన్న నిబంధన ముందే రాసి పెట్టాను. వాళ్లకు విషయం ముందే తెలిసి ఉంటుంది, చర్చ తొందరగా అయిపోతుంది.