ముల్లంగి సిద్ధాంతం ఓడదు

మనుషుల ప్రవర్తన మీద సిద్ధాంతాలను ప్రయోగం చేసి తేల్చవచ్చా అని కొందరికి అనుమానం. భేషుగ్గా తేల్చవచ్చు, ఫలితం అనుకూలంగా వచ్చినంతకాలం.

1998లో అమెరికాలో రాయ్ బౌమైస్టర్ అనే మనస్తత్వవేత్త బృందం ల్యాబులోనే చిన్న ఓవెన్ పెట్టి చాక్లెట్ బిస్కెట్లు కాల్చింది. గదంతా ఘుమఘుమలు. ఒక పూట తిండి మానేసి వచ్చిన విద్యార్థుల్లో కొందరిని బిస్కెట్లు తినమన్నారు. ఇంకొందరిని వాటి జోలికి పోకుండా పక్క గిన్నెలో ముల్లంగి తినమన్నారు. సాంబారులో ముక్కలు కాదండీ, పచ్చివి. ఆ తర్వాత ఎంత తన్నుకున్నా తేలని పజిల్ చేతికిచ్చారు. బిస్కెట్ల బ్యాచ్ సుమారు 19 నిమిషాలు కుస్తీ పట్టింది. ముల్లంగి బ్యాచ్ 8 నిమిషాలకే చేతులెత్తేసింది. కాబట్టి నిగ్రహం వాడేకొద్దీ అరిగిపోతుందని తేలింది. పచ్చి ముల్లంగి పెట్టినందుకు ఒళ్ళు మండి లేచిపోయారేమో అని నాలాంటివాడికి తోస్తుంది. అందుకే నాకెవరూ ల్యాబు ఇవ్వలేదు.

2016లో 23 ల్యాబులు కలిసి, రెండు వేల పైచిలుకు మంది మీద ఆ సిద్ధాంతాన్ని మళ్ళీ పరీక్షించాయి. ఈసారి ముల్లంగి లేదు, కంప్యూటర్ మీద అక్షరాల పని. నిగ్రహం అరిగిన జాడ దాదాపు సున్నా. బౌమైస్టర్ తొణకలేదు. ఇచ్చిన పనే సరైంది కాదన్నారు. దీన్ని 'ఆడలేక మద్దెల ఓడు' అనేవాళ్ళకు సైన్స్ తెలీదు.

అదే ఏడాది పెన్ను వంతు. పెన్నును పళ్ళతో పట్టుకుంటే మొహం నవ్వినట్టు అవుతుంది, దాంతో కార్టూన్లు మరింత సరదాగా అనిపిస్తాయని 1988 నాటి ప్రయోగం. 17 ల్యాబుల్లో మళ్ళీ చేస్తే అది నిలవలేదు. మూల పరిశోధకుడు ఫ్రిట్జ్ స్ట్రాక్ పట్టేశారు: గదిలో కెమెరా పెట్టారు! తర్వాత ఇజ్రాయెల్‌లో కొందరు అదీ చూశారు. కెమెరా లేనప్పుడు ప్రభావం కనిపించింది, ఉన్నప్పుడు మాయమైంది. ఎవరూ చూడకపోతే నిజమయ్యే సత్యాన్ని ఇంకెంత పరీక్షిస్తారు?

ఇప్పుడేమో ప్రయోగానికి ముందే పద్ధతి, లెక్కలు అన్నీ రాసి రిజిస్టర్ చేయాలని కొత్త ఆచారం మొదలుపెట్టారు. 'ఇలా వస్తే నేను ఓడినట్టే' అని ముందే రాసిచ్చాక తప్పు కెమెరా మీదికి నెట్టడం ఎలా? ఎన్నికల ముందు ఏ నాయకుడినైనా ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టమని అడిగారా? పాపం, ప్రొఫెసర్లే లోకువా?